ఏడు నిమిషాలు ముందున్న గడియారం

మా పెద్దమ్మ కాన్పుల వార్డులో ఇరవై రెండేళ్ళుగా నర్సు. అందరూ ఆమెను నిమిషాలమ్మ అనేవారు. బిడ్డ బయట పడగానే గోడ గడియారం వైపు చూసి, రిజిస్టరులో టైము నిమిషంతో సహా రాసేది. జనం ఆ నిమిషం పట్టుకుని తిన్నగా జ్యోతిష్యుడి గుమ్మం ఎక్కేవారు. అదే వార్డులో ఆయాగా ఉన్న నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం, "పోనీలేవే, చూపించుకోనీ, మన సొమ్మేం పోయింది?" అని నవ్వేసేది.

ఆ నవ్వు ఒక్క పూటలో ఎగిరిపోయింది. మూడు రోజుల కిందట ఆడపిల్లను కన్న ఒక తొలిచూలు పిల్ల, ఇంటికి పంపే వేళ మంచం దిగనని ఏడ్చింది. ఆమె మొగుడు లారీ డ్రైవరు.

"మా అత్తయ్య పాపని వాళ్ళక్కగారింటికి పంపేస్తుందట, సిస్టర్. రెండూ నలభైకి పుట్టింది కాబట్టి తండ్రికి ప్రాణగండమట. ఏడేళ్ళు ఆయన దాని మొహం చూడకూడదట. ఈ సాయంత్రమే తీసుకెళ్తారు. బయల్దేరే ముహూర్తం అడగడానికి ఆయనా, అత్తయ్యా జ్యోతిష్యుడి ఇంటికి వెళ్ళారు."

పెద్దమ్మ గోడ గడియారం వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. మధ్యాహ్నం డ్యూటీ వాళ్ళు రోజూ ఆలస్యంగా వస్తున్నారని, ఎప్పుడో కొత్తలో తనే స్టూలెక్కి దాన్ని ఏడు నిమిషాలు ముందుకు తిప్పింది. ఇంటికెళ్ళేటప్పుడు మేమంతా మనసులో ఏడు తీసేసుకునేవాళ్ళం. రిజిస్టరు రాసేటప్పుడు తీయాలని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

"వెళ్ళి ఆ జ్యోతిష్యుడికి చెప్పొద్దాం, పద," అంది పెద్దమ్మ.

"నీకేమైనా మతిపోయిందా? రిటైరవడానికి రెండేళ్ళుంది. ఇన్నేళ్ళ రిజిస్టర్లు తప్పని నీ నోటితో నువ్వే చెప్తే ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడితే ఊడనీ. ఆ పసిగుడ్డు ఏం పాపం చేసింది?"

తల్లిని, బిడ్డను వెంటబెట్టుకుని వెళ్ళాం. జ్యోతిష్యుడి ఇంటి ముందు గదిలో అత్తగారు పాప బట్టల సంచితో సిద్ధంగా కూర్చుని ఉంది. డ్రైవరు మమ్మల్ని చూడగానే కుర్చీని గిర్రున గోడవైపు తిప్పుకున్నాడు. ఆరడుగుల మనిషి, మూడు కిలోల పిల్లకు భయపడి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అసలీ శాస్త్రం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అని అడిగింది పెద్దమ్మ, మర్యాదగానే.

జ్యోతిష్యుడు చెడ్డవాడేం కాదు. అడిగేవాళ్ళు దొరికితే ఆయనకు హుషారు. "జ్యోతి అంటే వెలుగు కదమ్మా. ఇది ఆకాశంలో వెలుగుల లెక్క. గడియారాల్లేని రోజుల్లో ఏ చుక్క పొడిస్తే వాన, ఏ చుక్క పొడిస్తే విత్తనం అని చూసుకునేవారు. తర్వాత రాజులు యుద్ధాల గురించి అడిగారు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ బిడ్డల గురించి అడగడం మొదలైంది."

"అంటే టైము కోసం ఆకాశం చూశారు. ఇప్పుడు మీరు ఆకాశం కోసం నా గోడ గడియారం చూస్తున్నారు. బాగుంది! అది ఏడు నిమిషాలు ఫాస్టండీ. తప్పు నాదే, ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను."

ఆయన కలం తీసి గబగబా లెక్క వేశాడు. మొహం విప్పారింది. "అయితే రెండూ ముప్ఫైమూడు! దోషం ముప్ఫైఆరుకి మొదలై నలభైనాలుగుతో సరి. పాప బంగారం!"

అత్తగారు సంచి వదిలేసి చేతులు చాచింది. హమ్మయ్య అనుకున్నాను. పెద్దమ్మ మాత్రం లేవలేదు.

"ఆ రోజే రెండూ నలభైయేడుకి ఇంకో బిడ్డ పుట్టాడని రాశాను. మహర్జాతకమని మీరే చెప్పారట. ఏడు తీసేయండి. సరిగ్గా రెండూ నలభై. వాణ్ణెక్కడికి పంపుతారు?"

"ఎవరి బిడ్డమ్మా?" అన్నాడాయన, కలం కింద పెట్టి.

"ఎవరి బిడ్డో చెప్పను, చచ్చినా చెప్పను. వాడు ఇప్పుడు తండ్రి గుండెల మీద పడుకుని ఉంటాడు. చెప్పండి, ఇరవై రెండేళ్ళుగా నేను రాసిన పిల్లలందరి రాతలూ ఇప్పుడు తిరగరాస్తారా?"

"మళ్ళీ... లెక్క చూడాలమ్మా," అన్నాడాయన నీళ్ళు నములుతూ.

అత్తగారు చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. "అయితే ఆయన చూసి చెప్పేదాకా పాపని మా అక్క దగ్గరే..."

అప్పటిదాకా నోరెత్తని ఆ తొలిచూలు పిల్ల లేచింది. "ఆయన్ని లెక్కలు చూసుకోమనండి, అత్తయ్యా. మీ అబ్బాయి దీన్ని చూస్తాడు." గోడకూ కుర్చీకీ మధ్య ఉన్న సందులో దూరి, పాపను మొగుడి ఒళ్ళో పెట్టేసింది.

అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పాప కేరుమంది. పెద్ద పెద్ద చేతులు వాటంతట అవే దాన్ని పొదివి పట్టుకున్నాయి.

"ఎవరి పోలిక?" అన్నాడు, కళ్ళు మూసుకునే.

"తెరిచి చూడు," అందామె.

తెరిచాడు.