ఎర్ర బటన్‌లో మామ్మ గొంతు

మా మామ్మ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకు చెబుతున్నాను: చుట్టను తిప్పి, మండే కొన నోట్లో పెట్టుకోవడం. భోగాపురం అవతల మా పల్లెలో చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగిన ఆ కాలపు ఆడవాళ్ళలో చాలామందికి అదే అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి. నోట్లో నిప్పు ఉండగానే మామ్మ బేరం చేసేది, తిట్టేది, నవ్వేది కూడా.

నాది వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్. విజయనగరంలో ఉద్యోగంలో చేరాక హాస్టల్లో అంటుకుంది. అమ్మకం నిషేధమట, దొరకడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఇంటికి వచ్చినప్పుడు కిటికీ తెరిచి పీల్చి, ఆ పెన్నులాంటి దాన్ని దిండు గలీబులో దాచేదాన్ని. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు మామ్మ గదిలోకి వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"ఏటే, మావిడిపండు వాసనొస్తన్నాది. పండేదీ?"

పండు ఎక్కణ్ణుంచి తేను? ఆ వాసన వేప్ పొగది. గలీబు తడిమి తనే బయటికి తీసింది. "సదువుకున్నదానివి, నీకేటి కర్మే ఇది?" అంది. నాకు ఒళ్ళు మండింది. నువ్వు మానేశావా అని ఎదురు తిరిగాను. కాసేపు చుట్ట అటూ ఇటూ నాలుకతో తిప్పుకుంది.

"నువ్వు ఒగ్గేస్తే నానూ ఒగ్గేస్తాను. సూద్దాం."

హాస్టల్ ఖాళీ చేసి ఇంటి నుంచే బస్సులో తిరగడం మొదలుపెట్టాను. ఫోనులో మానిపించే యాప్ ఒకటి వేసుకున్నాను. పొద్దున్నే "మీరు గొప్పగా చేస్తున్నారు!" అని పంపేది. పక్క మీద నుంచి లేవకుండానే నేను ఏం గొప్ప చేశానో దానికే తెలియాలి. పనికొచ్చింది ఒక్కటే, ఎర్ర బటన్. పీల్చాలని మనసు లాగినప్పుడు అది నొక్కితే, ముందే రికార్డు చేసి పెట్టుకున్న మనవాళ్ళ గొంతు వినిపిస్తుంది. మామ్మను కూర్చోబెట్టి మాట్లాడమన్నాను. ఫోను నడిసముద్రంలో పడవ మీద ఉందనుకుందో ఏమో, అరిచింది.

"ఒసే గుంటా! మల్లీ దాని జోలికెల్తన్నావేటి? నాను సుట్ట ఒగ్గీనేదా? నోట్లో బెల్లంముక్క ఏసుకుని కూకో!"

చుట్ట మీదికి మనసు పోయినప్పుడు మామ్మ కూడా నా ఫోనే అడిగేది. ఎర్ర బటన్ తనే నొక్కి, తన తిట్లు తనే తిని, "ఓలమ్మో, ఏటి నోరే దీనిది!" అని పడీ పడీ నవ్వేది. ఇద్దరం చెరో బెల్లంముక్క వేసుకునేవాళ్ళం. అలా అలా నేను మానేశాను. మామ్మా మానేసింది. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

మామ్మ అంగిట్లో చుట్ట నిప్పుకు పడిన పుండు మాత్రం తగ్గలేదు. వేడి చేసిందని ఎప్పటి నుంచో సరిపెట్టుకుంటూ వచ్చింది. శ్రీకాకుళం తీసుకెళ్తే క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి అంగిలి తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. రేవంతా వినబడే మనిషి నోట గాలి కలిసిన మూలుగు తప్ప మాటేదీ రాలేదు. ముక్కులో గొట్టం పెట్టి గంజి పోసేవాళ్ళం.

ఇక ఆ గొంతు నా ఫోనులోనే మిగిలింది. వినాలంటే ఎర్ర బటన్ నొక్కాల్సిందే, ఆ యాప్‌లో మరో దారి లేదు. ఆఫీసు నుంచి వచ్చి వీధి అరుగు మీద కూర్చుని, చిన్నగా పెట్టుకుని వినేదాన్ని. ఎంత చిన్నగా పెట్టినా ఆ అరుపు అరుపే. లోపల మంచం మీదున్న మామ్మ చెవిన పడింది. గ్లాసుతో మంచం కోడు మీద టకటకా కొట్టి నన్ను పిలిచింది. ఫోను చూపించింది. నన్ను చూపించింది. తల బాదుకుంది.

"నేదు మామ్మా, పీల్సాలని కాదు. నీ గొంతు ఇందామని నొక్కినాను."

నమ్మలేదు. ఎర్ర బటన్ ఎందుకు నొక్కుతారో ఆమెకు తెలియదా? అమ్మకు సైగ చేసి బెల్లం తెప్పించి నా నోట్లో పెట్టింది. తను మంచినీళ్ళు కూడా మింగలేని మనిషి.

తరువాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేదాన్ని. అది ఇంకా అనుమానమైంది. తెర మీద ఎరుపు కనబడితే చాలు, బెల్లం వచ్చేది. అరసవల్లి దేవుడి మీద ఒట్టు పెట్టాను. నమ్మినట్టే తల ఊపి, మళ్ళీ బెల్లం అందించేది.

వానలు పడకముందే మామ్మ పోయింది. సాగనంపి వచ్చాక అమ్మ పక్క తీస్తూ, తలగడ కింద నుంచి గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టింది. లోపల బెల్లంముక్కలు. చీమలు దూరకుండా ముడి గట్టిగా బిగించి ఉంది.

"పోయేముందర కూడా నీ గురించేనే. ఫోను నొక్కినట్టు ఏలు ఆడించి, ఈ మూట సూపించింది. అది మానేసినాదని ఎంత సెప్పినా ఇన్నాది కాదు," అంది అమ్మ.

మానేశాను మామ్మా. నీ పక్కన కూర్చునే మానేశాను. నువ్వే మానిపించావు, ఆ సంగతి నమ్మకుండానే వెళ్ళిపోయావు. ఇప్పుడు నేను ఎవరికి ఒట్టు పెట్టి చెప్పుకోను?

ఆ సాయంత్రం, చాన్నాళ్ళకు, నిజంగానే మనసు లాగింది. అరుగు మీద కూర్చుని ఎర్ర బటన్ నొక్కాను. చిన్నగా పెట్టలేదు.

"ఒసే గుంటా! మల్లీ దాని జోలికెల్తన్నావేటి?"

"ఎల్లాలనుంది మామ్మా," అన్నాను. మూట విప్పి ఒక ముక్క నోట్లో వేసుకుని కూర్చున్నాను. లోపల మంచం కోడు మీద ఎవరూ కొట్టలేదు.