ట్రంకుపెట్టె అడుగున ఒలింపిక్స్

మా ఇంట్లో ఒలింపిక్స్ గురించి ఎవరికి ఏం తెలిసినా అది మా ఆయన చెప్పిందే. ఆయనేమీ పరుగులు తీసిన మనిషి కాదు. నగరిలో మరమగ్గాల షెడ్డులో ముప్ఫై ఏళ్ళకు పైగా నిలబడి పని చేశాడు. కానీ నాలుగేళ్ళకోసారి ఆ ఆటలు వచ్చాయంటే చాలు, టీకొట్టు చుట్టూ తిరిగేవాడు. పొద్దున్నుంచి పదిమంది చదివి నలిపేసిన పేపర్లోంచి ఆటల పేజీ ఒక్కటి అడిగి తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నం తింటూ నాకు చదివి వినిపించేవాడు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వచ్చు గానీ కూడబలుక్కుని చదవాలి. అంత తీరిక ఎక్కడిది? అందుకని వినేదాన్ని. వింటూనే కండెలకు నూలు చుట్టేదాన్ని. చేతులు ఊరికే పెట్టుకుని కథలు వినడం నాకు చేతకాదు.

చదివిన పేజీని ఆయన పారేయనిచ్చేవాడు కాదు. పనికిరాని కాగితం ఇంట్లో ఉంటే నాకు పడదు. చివరికి ఇద్దరికీ ఒక దారి దొరికింది. నా ట్రంకుపెట్టె ఇనుపది. తుప్పు చీరలకు అంటకుండా అడుగున ఏదో ఒకటి పరవాలి కదా, ఆ పేజీలే పరిచాను. మళ్ళీ ఆటలు వచ్చినప్పుడు కొత్త పేజీలు వేసేదాన్ని. పాతవి తీసేదాన్ని కాదు. బాగున్న కాగితాన్ని తీయడమెందుకు? వాటి మీదే కొత్తవి. అలా అలా అవి బొంతంత మందాన తయారయ్యాయి.

ఆయన చెప్పిన సంగతులు నాకు ఇప్పటికీ గుర్తే. వేల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో ఈ ఆటలు మొదలయ్యాయట. గెలిచినవాడికి బంగారం, వెండి ఇచ్చేవాళ్ళు కాదట. ఆకులతో అల్లిన దండ తలకు పెట్టి పంపేవాళ్ళట. ఆ పద్ధతి నాకు నచ్చింది. పెళ్ళయిన ఆడవాళ్ళు అక్కడికి చూడ్డానికి కూడా పోకూడదట. అది నచ్చలేదు.

"సూసినంత మాత్రాన వాళ్ళ సొమ్మేం పోతాదంట?" అన్నాను.

"ఆ కాలం మొగోళ్ళు గోచీ గూడా లేకుండా పరిగెత్తేవాళ్ళంట మే. అందుకని రానీలేదేమో" అన్నాడు.

నవ్వాపుకోలేక చేతిలో కండె జారవిడిచాను. ఆ నూలు చిక్కు తీయడానికి సాయంత్రం దాకా పట్టింది.

తర్వాత ఎన్నో వందల ఏళ్ళు ఆ ఆటలు లేకుండా పోయి, ఈ కాలంలో మళ్ళీ మొదలయ్యాయట. పెద్ద యుద్ధాలొచ్చినప్పుడు మళ్ళీ ఆగాయట. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన కాళ్ళకు ఏమీ లేకుండా అందరికంటే పెద్ద పరుగు గెలిచాడట. ఆ ఒక్క ముక్కను నేను బాగా వాడుకున్నాను. కొడుకులు బూట్లు కావాలని ఏడ్చినప్పుడల్లా, "చెప్పుల్లేనాయనే ప్రపంచాన్ని గెలిచినాడు, నీకు బడికి పోయేదానికి బూట్లు గావాల్నా?" అనేదాన్ని.

ఢిల్లీలో ఆసియా ఆటలు జరిగిన సంవత్సరం రంగుల టీవీలు వచ్చాయి. మేము కొనలేదు. నేనే వద్దన్నాను. ఆయన పుత్తూరు దాకా పోయి, టీవీల షాపు అద్దం బయట నిలబడి చూసొచ్చాడు. "లోపల మాట్లాడేది బయటికి వినపడదు గదా, ఏం తెలిసింది నీకు?" అని అడిగితే, "పరిగెత్తేదానికి మాటలెందుకు మే" అన్నాడు. అప్పటికే ఆయన చెవులు సగం పోయాయి. మగ్గాల మోత అలాంటిది. షెడ్డులో ఎవరూ నోరు తెరిచి అరవరు, అరిచినా వినపడదు. పెదాలు కదిలిస్తారు, చేతులతో చెబుతారు. పోగు తెగిందంటే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించడం, కండె అయిపోయిందంటే చూపుడువేలు గిర్రున తిప్పడం, మేస్త్రీ వస్తున్నాడంటే మీసం దువ్వడం. పెళ్ళయిన ఏడాదికే ఆ భాష నాకూ వచ్చేసింది. కరోనా కాలంలో జనం లేని మైదానాల్లో ఆటలు జరిగినప్పుడు, ఖాళీ కుర్చీలను టీవీలో చూసి, "లోకానికంతా నా మాదిరే సెవుడు వచ్చినట్లుండాదే" అని నవ్వాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పరదేశపు ఆమె కథ ఒక ఎత్తు.

పెద్దోడికి మూడేళ్ళు నిండినప్పుడు నాకు రెండో కాన్పు. నెలలు నిండాయి. తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల అని చెప్పారు. నన్ను చూడనివ్వలేదు. చూస్తే మరిచిపోలేవని మా అత్త, మా అమ్మ ఇద్దరూ అడ్డం నిలబడ్డారు. ఆయనే గుడ్డలో చుట్టి తీసుకుపోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎవరు పెట్టినా తినలేదు.

ఆ రోజుల్లోనే ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఆయన పేజీ తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చున్నాడు. వింటున్నానా అని కూడా అడక్కుండా చదవడం మొదలుపెట్టాడు.

"ఎవురో పరదేశపు ఆడమనిషంట మే. ఊరంతా సుట్టుకోనొచ్చే పెద్ద పరుగంట. ఇంగ రవ్వంత దూరం ఉండాదనంగా కింద పడిపోయినాదంట. అందురూ అయిపోయిందిలే అనుకున్నారంట. లేచినాదంట! లేచి, ముందర పోతాండేవాళ్ళనంతా దాటుకోని పోయి గెలిచినాదంట."

నేను ఇటు తిరిగాను. "నిజమేనా?" అన్నాను.

"పేపర్లో ఏసినారు. నేనెందుకు కల్పిస్తాను?"

కాసేపటికి లేచి కూర్చుని, కొంచెం సంగటి పెట్టమని అత్తను అడిగాను. ఆ పూట నేను లేచింది ఆ మాట పట్టుకునే. తర్వాత కూడా ఎన్నోసార్లు దాన్నే పట్టుకున్నాను. మగ్గాలకు పని లేక షెడ్డు మూతపడినప్పుడు, చిన్నోడు పదో తరగతి తప్పినప్పుడు, కోడలికి ఆపరేషన్ అయినప్పుడు, "పడినామె లేచి గెలిచినాది, నీకేం పొయ్యేకాలం? లెయ్!" అనేదాన్ని. మా ఇంట్లో అది సామెతలా అయిపోయింది.

మొన్న ఒలింపిక్స్ అయిన తర్వాత, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలికి బళ్ళో ఆ ఆటల చరిత్ర మీద ఐదు నిమిషాలు మాట్లాడే పోటీ పెట్టారు. తాత దగ్గర కూర్చుని అన్నీ రాసుకుంది. చివర్లో ఈ పరదేశపు ఆమె కథ పెట్టుకుంది. అదే అన్నిటికంటే బాగుందని టీచరు కూడా మెచ్చుకుందట. అయితే ఆమె పేరేమిటో, ఏ దేశమో కనుక్కుని రమ్మందట.

"తాతకి పేరు గుర్తు లేదంట. ఫోన్లో యెతికినా దొరకలేదు అవ్వా. నీ పెట్టెలో పేపర్లుండాయి గదా, సూద్దామా? సోమవారమే నేను మాట్లాడాల్సింది" అంది.

"సూడు. సింపకుండా తియ్యి, సింపకుండా పెట్టు" అన్నాను.

ఆదివారం పొద్దున చీరలన్నీ చాప మీదికి తీసి, ఇద్దరం పొర తర్వాత పొర లేపాం. పైవి రంగుల బొమ్మలు. కిందికి పోయేకొద్దీ నలుపు తెలుపు, కాగితం చింతపండు రంగు. ఒక్కో బొమ్మకూ పిల్ల ఫోనుతో ఫోటో తీసుకుంటోంది. ఇంతలో కోడలు పిలిస్తే టిఫిను తినడానికి లోపలికి పోయింది. నేను కింది నుంచి రెండో పొర లేపాను. అందులో ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. స్ట్రెచరు మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది.

వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. పెద్ద పరుగులో గమ్యానికి కొద్ది దూరంలో పడిపోయింది. లేవలేకపోయింది. పరుగు పూర్తి చేయకుండానే మోసుకుపోయారు. పేరుంది, దేశం ఉంది. ఇంకో ఆడమనిషి ఎవరైనా పడి లేచిందేమోనని ముందూ వెనకా పేజీ అంతా వెతికాను. ఎవరూ లేరు. మొదటినుంచి మళ్ళీ చదివాను.

ముందు కోపమే వచ్చింది. అబద్ధం చెప్పారని కొడుకుల నోటికి మిరపకాయ పూసినదాన్ని నేను. నలభై ఏళ్ళు ఒక అబద్ధాన్ని నా చీరల కిందే పరుచుకుని, దాన్నే అందరికీ బుద్ధిమాటగా చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు పిల్ల రేపు బడి మొత్తం ముందు నిలబడి ఆ అబద్ధాన్నే చెప్పబోతోంది. చెప్పకుండా ఆపితే తాత మాట దాని దగ్గర చులకనైపోతుంది. ఈ ఇంట్లో ఆయన మాట వినడానికి కూర్చునేది అదొక్కతే.

"దొరికినాదా అవ్వా?" అని పిల్ల చెయ్యి తుడుచుకుంటూ వస్తోంది. నేను ఆ పేజీని చాప కిందికి తోశాను. "ఇంగా లేదు" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో!

పిల్ల మిగతా పొరలు చూస్తుండగా పేజీ తీసి కొంగులో పెట్టుకుని బయటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆయనకు వినపడాలంటే వీధి చివరి దాకా వినపడేటట్టు అరవాలి. ఎదురింటామె అంట్లు తోముతోంది. అందుకని షెడ్డు భాషలోనే అడిగాను. పేజీ ఆయన ఒళ్ళో పెట్టి, ఎదురుగా కూర్చుని, పెదాలు కదిలించాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇదింగా పెట్టుకోనుండావా?" అన్నాడు, గొంతు లేకుండా.

"పారెయ్యద్దన్నది నువ్వే గదా. ఈమె లేవలేదా?"

"లేవలేదు."

"గెలవలేదా?"

"మోసుకోని పోయినారంటే యాడ గెలిచేది?"

"మరి నాకెందుకట్ల సెప్పినావు?"

ఆయన ఐదు వేళ్ళూ చూపించాడు. "ఐదు దినాలు. నువ్వు నోట్లో మెతుకు ఏసుకోలేదు. మోసుకోని పోయినారని సదవమంటావా ఆ పొద్దు?"

ఆయన నా వెనక్కి చూసి మీసం దువ్వాడు. తిరిగి చూస్తే గడపలో పిల్ల.

"పాపకి సెప్పాల్సిందే. నువ్వే సెప్పు" అన్నాను.

చెప్పాడు. ఈసారి మామూలు గొంతుతో, అంటే వీధి మొత్తానికీ. పిల్ల మొహం ఎర్రబడింది.

"అబద్ధమా తాతా? నా స్పీచంతా దాని మీదనే నిలబడుండాది!"

"తక్కినవన్నీ నిజమే పాపా. ఆ గోచీ సంగతి గూడా నిజమే."

ఎదురింటామె చేతిలో గిన్నె ఆగింది. పిల్లకు నవ్వు రాలేదు. "అవ్వకి ఎందుకట్ల అబద్ధం సెప్పినావు?" అని నిలదీసింది. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. అది చెప్పాల్సింది ఆయన కాదు.

నేను చెప్పాను. "మీ నాయన తర్వాత, మీ చిన్నాయనకి ముందర, నాకొక ఆడబిడ్డ పుట్టినాది. పుట్టకముందే పోయినాది." ఈ రెండు మాటలు నా కొడుకులకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు. పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. పేజీ అందుకుని ఆ బొమ్మను చూసింది.

"అయితే ఈమె గురించి ఏం జెప్పేది అవ్వా?"

"జరిగిందే సెప్పు. పేరుండాది, దేశముండాది. పడినాది, లేవలేకపోయినాది. పడినామె గూడా అంత దూరం పరిగెత్తినామే గదా."

తల ఊపింది. మర్నాడు అలాగే చెప్పిందట. ప్రైజు రాలేదు.

కానీ ఆ ఆదివారం అరుగు మీద పిల్ల ఇంకొకటి అడిగింది. "ఆ పాప ఎట్లుండె అవ్వా?"

"నేను సూడలేదు. మీ తాతే సూసినాడు."

"తాతా, పాప ఎట్లుండె?" అంది. ఆయనకు వినపడలేదు. ఇంకోసారి అంది. అప్పటికీ వినపడలేదు. అక్కడితో వదిలేసి ఉండొచ్చు. అన్నేళ్ళూ వదిలేసినదాన్నే కదా. కానీ నా చెయ్యి పోయి ఆయన గడ్డం పట్టుకుని మొహం నావైపు తిప్పింది. పెదాలు కదిలించి నేనే అడిగాను.

"బిడ్డ ఎట్లుండె?"

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. రెండు చేతులూ చాచి, మధ్యలో మూరెడు దూరం చూపించాడు. తర్వాత తన బట్టతల మీద చెయ్యి పెట్టి, చెవుల దాకా దించాడు. అంత జుట్టు. పిడికిలి మూసి, బొటనవేలు లోపలికి పెట్టి చూపించాడు. అలా మూసుకుని ఉందట. తర్వాత ముందుకు వంగి, చూపుడువేలితో నా ముక్కును తాకాడు.

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకొకసారి చెప్పమన్నాను.