వరినాట్ల పాట మీద నా మొదటి నోటీసు

నల్లకోటు కొత్తగా తళతళలాడే ఆ రోజుల్లో మనిషికి తాను చదివిన చట్టం మీద ఉండే నమ్మకం ఇంక దేని మీదా ఉండదు. ఇబ్రహీంపట్నంలో తోటి వకీళ్లందరూ ప్లాట్ల తగాదాలు చూసుకుంటుంటే, నేను మాత్రం పాటలకూ సినిమాలకూ వకీలునని బోర్డు పెట్టుకున్నాను. (“హీరోలు బస్సెక్కి వస్తరారా నీ కాడికి?” అని మా అన్న నవ్వేవాడు.) ఆరు నెలలకు మా ఊరి పాటలక్క వచ్చింది. ఆమె నాట్లు వేస్తూ పాడిన పాటను మన్నెగూడ యూట్యూబ్ చానెల్ అతనొకడు రికార్డు చేసి, పేరు లేకుండా పెట్టాడట. “పైసలు గాదు తమ్మీ, పేరు గావాలె. మా అమ్మ పాడిందంటే బడిల ఎవ్వలు నమ్ముతలేరని నా బిడ్డ ఏడుస్తుంది” అంది. ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. ‘సదరు గీతం నా క్లయింటు ఒక్కరి సొంత సృష్టి’ అని నాలుగు పేజీల నోటీసు దంచాను. అది నిజమేనా అని ఆమెను అడగాలని మాత్రం తోచలేదు.

సాక్ష్యానికి ఆమెనూ, ఆమెతోపాటు నాట్లు వేసే పదిమంది ఆడవాళ్లనూ రెండు ఆటోల్లో ఎక్కించుకుని చానెల్ ఆఫీసుకు వెళ్లాను. నోటీసు గంభీరంగా చదివి, పాట ఎవరిదో చెప్పమన్నాను. “అక్కదే” అంది మొదటామె. నేను కాలరు సర్దుకున్నాను. “గని రెండో చరణం నేను గట్టిన.” “పాటల బావ ముచ్చట నాది” అంది పక్కనామె. “మొదలు మా అత్త ఎత్తుకున్నది, పాపం పోయింది” అంది ముసలమ్మ. మడిలో వంగిన ప్రతి ఒక్కరూ ఆ పాటకు ఒక మాట కలిపినవాళ్లే! “ఏం వకీల్ సాబ్, ఒక్కలదే అని రాసినవ్ గద?” అని చానెల్ అతను పడీపడీ నవ్వాడు. నేను సర్దుకున్న కాలరు వదులు చేసుకున్నాను.

అక్క మాత్రం తొణకలేదు. “అవ్, అందరం గట్టినం. నేను ముంగట పాడిన, గంతే. నా ఒక్కదాని పేరేస్తే రేపు ఏ మొఖం పెట్టుకొని మడిల దిగాలె? అందరి పేర్లు ఎయ్యి.” “గిన్ని పేర్లు యాడ పడ్తయక్కా?” అన్నాడతను. “సినిమా అయిపోయినంక పేర్లు పైకి పోతయి గద, గట్ల పోనియ్యి!” అంది. నేను నోటీసును వెనక్కి తిప్పి పన్నెండు పేర్లు రాసి (చనిపోయిన అత్తది మొదట), కింద సంతకం పెట్టి ఇచ్చాను. పదకొండు మంది కళ్లు తన మీదే ఉంటే అతనేం కాదంటాడు?

వారం తిరక్కుండా పేర్లు వచ్చాయి. “బిడ్డ టీచరుకు సూపిచ్చింది తమ్మీ!” అని అక్క ఫోన్‌లో ఏడుస్తూ నవ్వింది. నేనూ మురిసిపోతూ ఆ వీడియో చివరిదాకా చూశాను. పన్నెండు పేర్ల తర్వాత పదమూడోది నాది! ఆ మహానుభావుడు నా సంతకాన్ని కూడా పాట కట్టినవాళ్లలో కలిపేశాడు. ఇప్పుడు నేను సినిమావాళ్లకు ఒప్పందాలు రాస్తుంటాను, ఎవరి పేరు ఎక్కడ రావాలో పేజీలకొద్దీ తేలుస్తుంటాను. శ్రుతి అంటే తెలియని నా పేరు మాత్రం ఆ పాట చివర ఇంకా పైకి పోతూనే ఉంది. తీసేయమని నోటీసు పంపాల్సిన వకీలును నేనే గానీ, ఇన్నేళ్లయినా చేతులు రావడం లేదు.