రెండు కుక్కపిల్లలు, ఒకే గంజి

అరవైల మొదట్లో మేము బందరులో ఉండేవాళ్ళం. నేను మిషన్ బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. తెల్లారకముందే వీధి కుళాయి దగ్గర బిందెలు, తర్వాత వంట, ఆ తర్వాత బడిలో యాభైమంది పిల్లలు, సాయంత్రం మళ్ళీ వంట. ఆ ఇంటి కోడలిగా పదేళ్ళు నిండేసరికి, కూర్చుంటే మళ్ళీ లేవగలనా అని భయం వేసేది.

ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఒక్క గంజే ఉండేది. ఆదివారం అన్నం వార్చిన గంజిని దాచి నా నాలుగు నూలు చీరలకూ పెట్టుకునేదాన్ని. పెళపెళలాడే చీర కట్టుకుంటే, ఒంట్లో లేని ఓపిక చీరలోనైనా ఉందనిపించేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గుడివాడ అవతల మా ఊరి నుంచి గంపలో రెండు కుక్కపిల్లల్ని తెచ్చాడు. అంతకుముందు పెరట్లో ఇత్తడి బిందె పోయింది, ఇంటికి కాపలాగా ఒక కుక్కపిల్ల కావాలని మావారు ఉత్తరం రాశారట. నాతో మాట మాత్రం అనలేదు.

"ఒకటి మగది, ఒకటి ఆడది. ఏది కావాలో ఉంచుకోండి బావగారూ. రెండోదాన్ని సాయంత్రం బస్సుకి తీసుకెళ్తాను. ఆడదైతే మా ఊళ్ళో ఎవరూ పెంచరు, కాలవ గట్టున వదిలెయ్యడమే," అన్నాడు అన్నయ్య.

మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని వాటి కాళ్ళు పట్టి గోళ్ళు లెక్కపెట్టారు. ఇరవై గోళ్ళున్న కుక్క ఇల్లు కాస్తుందని ఆవిడ నమ్మకం. మగదానికి పద్దెనిమిదే ఉన్నాయి. ఆడదానికి వెనక కాళ్ళకు చెరో గోరు ఎక్కువుండి ఇరవై తేలాయి.

"ఇదే ఉండాలి," అన్నారావిడ.

"ఆడకుక్క ఎందుకమ్మా! ఏడాదికి రెండు ఈతలు. మగదే ఉండనీ," అన్నారు మావారు.

భోజనాలు అయ్యాయి గానీ వాదన అవలేదు. చివరికి మావారు, "పోనీ రెండూ ఉంచేద్దాం, ఏం పోయింది?" అన్నారు, వాటి పెంట ఎత్తడానికి ఎవరో వస్తారన్నట్టు. అత్తగారు ఒక్కటి చాలన్నారు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ అన్నీ వింటున్నాను. ఒక్కటైతే గంజిలో సగం దానికి పోతుంది. రెండైతే నా చీరలకు చుక్క మిగలదు. ఒళ్ళు మండిపోయింది. అడిగితే ఒక్కటీ వద్దని మొహం మీదే చెప్పాలనుకున్నాను. అడుగుతారన్న ఆశేమీ లేదు.

బస్సు వేళయింది. అన్నయ్య తుండు దులుపుకుని లేచాడు. అప్పుడు అత్తగారన్నారు, "గంజి పోసేది అదేగా! దాన్నడగండి."

మసి చేతులతోనే గుమ్మంలోకి వచ్చాను. ఆ ఇంట్లో ఒక విషయం తేల్చమని నన్నడగడం పదేళ్ళలో అదే మొదలు. ముగ్గురూ నా మొహంలోకే చూస్తున్నారు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, సంతోషంతో నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పొద్దుటినుంచీ కూడబెట్టుకున్న మాట ఎటు పోయిందో తెలియదు.

"రెండూ ఉండనీండి," అన్నాను.

ఆ రాత్రి గంజంతా అవే తాగేశాయి. సోమవారం నలిగిన చీరతో బడికి వెళ్తే, ఒంట్లో బాగాలేదా అని పెద్ద టీచరుగారు అడిగారు.

ఆడది నిజంగానే ఇల్లు బాగా కాసింది. మగది తిని పడుకునేది. నేను గంజి పెట్టిన చీర కట్టుకుని మళ్ళీ బడికి వెళ్ళింది లేదు. అడిగితే చాలు, ఇది కాదనదని మా వాళ్ళకు మాత్రం ఆ రోజే తెలిసిపోయింది. ఆడపడుచు పురుడు ఇక్కడే పోద్దామా అని అడిగారు. మరిది పిల్లల్ని ఇక్కడే ఉంచి చదివిద్దామా అని అడిగారు. అడిగిన ప్రతిసారీ నేను చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చి, సరేనన్నాను.