కళ్ళు మూసుకొని తీసుకున్న నిర్ణయాలు

నేను జూనియర్ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. నియంతృత్వం పాఠానికి వచ్చినప్పుడు పిల్లలు ట్యాంకులనూ, యూనిఫాం వేసుకున్న సైన్యాధికారులనూ ఊహించుకుంటారు. ఆ బొమ్మను నేను చెరపను. పరీక్షకు అది చాలు. ఆదివారం ఆరాధనకు మా క్రైస్తవ సంఘంలో స్త్రీల వైపు చాప మీద కూర్చున్నప్పుడు మాత్రం పాఠంలో లేని సంగతులు మనసులోకి వస్తుంటాయి. ఇక్కడ ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు.

మా సంఘం చండ్రుగొండకు కొంత దూరంలో, జామాయిల్ తోటలు అడవిలో కలిసే చోట ఉంది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్ళ కుటుంబాలు కొన్ని, అడవి పల్లెల కుటుంబాలు కొన్ని. ఒకప్పుడు ఏటా చేతులెత్తి పెద్దలను ఎన్నుకునేవాళ్ళం. ఒక ఏడాది ఆ ఎన్నిక దగ్గర బాయివాళ్ళకూ పల్లెవాళ్ళకూ మాటామాటా పెరిగి కుర్చీలు లేచాయి. ఆ సాయంత్రం మేమే మా పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళి, ఇక ఈ ఓట్లు వద్దు, మీరు చెప్పండి, మేం వింటాం అన్నాం. ఆ అధికారం ఆయన గుంజుకున్నది కాదు, మేం తీసుకెళ్ళి ఇచ్చింది. అప్పుడు ఆయనకు మించిన మనిషి మాకు కనిపించలేదు. వాగు పొంగిన రోజుల్లో జ్వరంతో పడున్న మనుషులను మంచంతో సహా మోయించి దవాఖానాకు చేర్చినవాడు.

ఇశ్రాయేలీయులు తమకూ ఒక రాజు కావాలని ముసలి ప్రవక్త దగ్గర పట్టుబట్టిన అధ్యాయం సండే స్కూల్లో నేను ఎన్నోసార్లు చెప్పాను. దేవుడు హెచ్చరించాడు, నొచ్చుకున్నాడు, చివరికి అడిగింది ఇచ్చాడు. ఆయన నొచ్చుకున్నాడన్న దగ్గర నా గొంతు ఎప్పుడూ కాస్త తగ్గుతుంది.

ఆ సాయంత్రం తర్వాత మా దగ్గర నిర్ణయాలన్నీ ప్రార్థనలోనే జరుగుతున్నాయి. అందరం కళ్ళు మూసుకుంటాం. ఫలానా తమ్ముణ్ణి సంఘపెద్దగా నిలబెడుతున్నందుకు స్తోత్రం ప్రభువా అంటారు అయ్యగారు. మేం ఆమేన్ అంటాం. అంతే, అయిపోయింది. ఆమేన్ అనకపోవడం అయ్యగారిని కాదనడం కాదు, దేవుణ్ణి కాదనడం.

మొన్న వానాకాలంలో అయ్యగారు తన కొడుకును సహకాపరిగా, అంటే తనకు తోడు పాస్టరుగా, అలాగే నియమించారు. ఆమేన్ అన్నాక నా పక్కనున్న అక్క లేచి నిలబడింది. సొంత అక్క కాదు, సంఘంలో అక్క. బుధవారం స్త్రీల ప్రార్థన ఆమె ఇంట్లోనే జరిగేది.

“అయ్యగారూ, ప్రార్థనైతే అయ్యింది. ఇగ మాట్లాడుకుందామా?”

పురుషుల వైపు ఎవరో దగ్గారు. అయ్యగారు నవ్వారు. “దేవునితోని మాట్లాడినంక మనుషులతోని ఏం మాట్లాడతవక్కా?”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ కూర్చోలేదు. “బాబు మంచోడే, కాదంటలేను. మమ్ములను గూడ ఒక్కమాట అడుగున్రి అంటున్న, గంతే.”

తర్వాత రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల జరిగిన ఆదివారం రొట్టె పళ్ళెం ఆమెను దాటి నా ముందుకు వచ్చింది. ఆరాధన ముగిశాక ఒక పెద్ద వచ్చి చెప్పాడు: ముందుకొచ్చి తప్పు ఒప్పుకునేదాకా ఆమె సహవాసంలో లేనట్టే. సహవాసంలో లేని ఇంటికి సమాధుల తోటలో జాగ ఉండదు.

జాగ మాట ఎందుకు ఎత్తాడో అక్కడున్న అందరికీ తెలుసు. ఆమె భర్త బాయిలో ఊపిరితిత్తులు పోగొట్టుకొని మంచాన ఉన్నాడు. చిన్నప్పుడే పోయిన వాళ్ళ కొడుకు ఆ తోటలో ఉన్నాడు. ఆ బిడ్డ పక్కన తనను పెట్టాలన్నది ఒక్కటే ఆయన అడిగింది.

ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అక్క చింతపండులో గింజలు తీస్తోంది. ఆయన ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సర్దుకొని నన్ను చూసి నవ్వాడు.

“బాయిల దిగిననాడే నన్ను సగం బొందవెట్టిన్రు టీచరమ్మా. మిగిలిన సగానికి గింత లొల్లా?”

“మాట్లాడకు, ఆయాసమొస్తది,” అంది అక్క.

“నువ్వు మాట్లాడి ఏం తెచ్చినవ్? ఉన్న జాగ పోగొట్టినవ్.”

నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అక్క నా వైపు తిరిగి అడిగింది.

“చెల్లె, పిల్లలకు గిసుంటియే గద నువ్వు చెప్పేది. గిట్లుంటే ఏమైతదంట?”

“పైనున్నాయన చుట్టూ ఉన్నోళ్ళు విడిపోతే మారుతదని రాస్తరు అక్కా.”

“మన దగ్గర చుట్టూ ఎవరు? ఒకాయన బామ్మర్ది, ఒకాయన అల్లుడు.” గింజ ఒకటి పళ్ళెంలో పడేసింది. “అయితే మీ పుస్తకం మనకు పనికిరాదు తియ్.”

ఆమె ఏం చేయబోతోందో నాకు అప్పుడే అర్థమైంది. ఆదివారం ముందుకు వెళ్ళి మైకు పట్టుకుంది. “నేను లేవకుంట ఉండాల్సింది. క్షమించున్రి,” అంది. ఏడవలేదు. అయ్యగారు ఆమె తల మీద చెయ్యి ఉంచారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

ప్రార్థన మధ్యలో నేను కళ్ళు తెరిచాను. చాలామంది కళ్ళు తెరిచే ఉన్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, వెనక కిటికీ దగ్గర ఒక పెద్ద కూడా. ఎవరి చూపు ఎవరికి తగిలితే వాళ్ళు వెంటనే రెప్పలు దించేశారు. నేనూ దించాను. నా కాలు తిమ్మిరెక్కి ఉంది, అది ఒక్కటే తెలుస్తోంది. కోపం రావాలి, సిగ్గు వేయాలి, రెండూ రాలేదు. ఆమేన్ అన్నాం. పళ్ళెం ఈసారి ఆమె దగ్గర ఆగింది. ఆమె రొట్టెముక్క తీసుకుంది.

ఈ సంఘం వదిలేయొచ్చు కదా అని కాలేజీలో తోటి లెక్చరర్ అడిగింది. నేను నమ్మిన దేవుడు నాకు ఆ చాప మీదనే దొరికాడు. ఇంకోచోటికి వెళ్తే ఆయన ఉండడని కాదు. వెళ్ళాలనిపించలేదు, ఉండాలనీ అనిపించలేదు. ఆదివారం వచ్చేది, వెళ్ళేదాన్ని.

చలికాలంలో అక్క భర్త పోయాడు. సహకాపరి అయ్యాక ఆ అబ్బాయి చేసిన మొదటి సమాధి కార్యక్రమం అదే. బాగా చేశాడు, వాక్యం తడబడకుండా చదివాడు. అక్క చెప్పింది నిజమే, మంచి కుర్రవాడు. కొడుకు సమాధి పక్కనే గుంత తవ్వారు. మట్టి వేసి చేతులు దులుపుకొని జనం బయలుదేరాక అక్క అక్కడే నిలబడి, అటువైపు మిగిలిన కాస్త నేలను చూసింది. పక్కనే ఉన్న పెద్దను అడిగింది.

“తమ్మీ, గీడ నాకుంటదా?”

“ఎందుకుండదక్కా. గిప్పుడున్నట్టే ఉంటే ఉంటది.”

బెదిరింపు కాదు. అతను ప్రేమగానే అన్నాడు, ఆమె భుజం కూడా తట్టాడు. ఆమె తలూపింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఇద్దరం జామాయిల్ తోట పక్క దారిన ఆటో దాకా నడిచాం.