పెదనాన్న కట్టిన దడి

నిన్న కాకినాడలో మా మేడమీది కూరమొక్కలకు గాలి తగలకుండా పచ్చ నెట్టు కడుతుంటే మా ఆవిడ వచ్చి, "ఇన్ని చిల్లులున్న గుడ్డ గాలినేం ఆపుద్దండీ, టార్పాలిన్ కట్టెయ్యకూడదా?" అంది. తాడు అక్కడే వదిలేసి కిందికి దిగాను. ముప్ఫై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది; ఇక దాన్ని మోసే ఓపిక లేదు.

మొగల్తూరు దగ్గర మా ఇసకదొడ్లో అమ్మ ఆనపపాదు, వంగ, బెండ వేసేది. వేసవిలో సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి లేత ఆకులు మాడిపోతాయని దక్షిణం వైపు తాటాకు దడి కట్టించేది. కట్టేది పెదనాన్నే, చుట్టుపక్కల ఎవరి దొడ్డికి దడి కావాలన్నా ఆయనకే కబురొచ్చేది. ఆకుకూ ఆకుకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలి, గాలి నెమ్మదించి లోపలికి రావాలే గాని ఎదురు నిలిస్తే దడినే తోసేస్తుందనేవాడు. కొత్తగా కాలేజీలో చేరిన నాకు అది చాదస్తంలా తోచింది. అమ్మ ఊళ్లో లేని రోజున, పెదనాన్న దడి కట్టి వెళ్లగానే, సందులన్నిటా ఆకులు దోపి, పురికొసతో కట్టేశాను. తిరిగొచ్చిన అమ్మ, ఈసారి బావగారు దిట్టంగా కట్టారని మురిసింది.

మూడోరోజు మధ్యాహ్నం లేచిన గాలికి దడి గుంజలతో సహా కూలి ఆనపపాదు మీద పడింది. పిందెలన్నీ చితికిపోయాయి. "మీ బావగారి ముడులకి ముసలితనం వచ్చేసిందండోయ్!" అని పొరుగావిడ నవ్వింది. అమ్మ నావైపు చూస్తే, అవును, ముడులు వదులైనట్టున్నాయి అన్నాను.

పెదనాన్న వచ్చి, పడిన దడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ తాటినారతో తప్ప కట్టడు. నా పురికొసలు ఒక్కొక్కటీ విప్పి, ఉండచుట్టి, పంచె మడతలో దోపుకున్నాడు.

"నిజమేనమ్మా, ఈమధ్య చెయ్యి వణుకుతోంది," అన్నాడు అమ్మతో. నావైపు చూడలేదు.

మరుసటి ఏడు ఆయన్ని దడి కట్టడానికి ఎవరూ పిలవలేదు, ఆ తరవాతా పిలవలేదు. వేసవి వస్తే అరుగు మీద కూర్చుని, ఎవరో కట్టిన దడులకేసి చూస్తుండేవాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ దొడ్లన్నీ రొయ్యల చెరువులయ్యాయి. ఇప్పుడక్కడ గాలికి అడ్డం ఏదీ లేదు, ఒకప్పుడు ఎవరి దడి గట్టిదో గుర్తున్నవాళ్లూ నలుగురైదుగురికి మించి ఉండరు. ఆ నలుగురి కోసమే ఇది రాస్తున్నాను. ఆయన చెయ్యి ఎన్నడూ వణకలేదు. నేల మీద పడి ఉన్న దడిలో కూడా తాటినార ముడి ఒక్కటీ వీడలేదు.