సువార్తమ్మ టీచర్ పంపిన కొలతలు

గుంటూరు మిర్చి యార్డు పక్కగా బస్సు వెళ్తుంటే, తడిసి బూజు పట్టిన మిరపకాయల వాసన లోపలికి వచ్చింది. పక్కన కూర్చున్నావిడ కొంగుతో ముక్కు మూసుకుంది. నాకు సువార్తమ్మ టీచర్ గుర్తొచ్చారు.

ఒంగోలుకు అవతల మా ఊరి హైస్కూల్లో ఆవిడ సైన్సు చెప్పేవారు. వాన కొలిచే పాత్ర, తేమ చూసే థర్మామీటర్లు బడి ఆవరణలో ఆవిడే పట్టుబట్టి పెట్టించారు. తొమ్మిదో తరగతిలో ఒకరోజు ఎండకు బద్ధకించి, వెళ్లి చూడకుండానే పుస్తకంలో నిన్నటి అంకె రాశాను. "ఏమే, చూసే రాశావా?" అన్నారు. తల దించుకున్నాను. "తెలియకపోతే ఖాళీగా వదిలెయ్. ఆ అంకెను నమ్మేవాళ్లు ఉంటారు," అన్నారు. వాతావరణ శాస్త్రం వైపు నేను వెళ్లింది ఆవిడ వల్లే.

పీహెచ్‌డీ తర్వాత నగరంలో ఒక పరిశోధన సంస్థలో పోస్ట్‌డాక్‌గా, అంటే తాత్కాలిక పరిశోధకురాలిగా చేరాను. ఏ ఊరికి ఆ ఊరికి విడిగా వాన సంగతి చెప్పే కంప్యూటర్ మోడల్ మాది. వాతావరణ కేంద్రాల నుంచి వచ్చే కొలతలను అందులో కలిపి అంచనాను సరిదిద్దడం నా పని. అప్పటికి రిటైరైన టీచర్ ఇంటి డాబా మీద ఒక చిన్న వాతావరణ కేంద్రం పెట్టించాను. మా అంచనాను రోజూ ఆవిడే రైతులకు చదివి వినిపించేవారు.

ఒక మార్చిలో, కల్లాల నిండా మిరపకాయలు ఆరుతున్నప్పుడు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, గాలి తూర్పుకు తిరిగింది. తేమ ఒక్కసారిగా పెరిగింది. మీరేమో వాన లేదంటున్నారు. నా కొలతలు కలుపుతున్నారా?"

కనుక్కుని చెప్తానన్నాను. ఆవిడ కొలతలన్నీ తిరస్కరించిన జాబితాలో ఉన్నాయి. చుట్టుపక్కల కేంద్రాలతో పొసగడం లేదని ప్రోగ్రామే పక్కన పెట్టేసింది. మా ప్రొఫెసర్‌కు చెప్పాను. "ఇప్పుడు మారిస్తే మోడల్ మొత్తం మళ్లీ నడపాలి. జర్నల్‌కు మన పేపర్ ఈ వారమే పంపాలి కదా," అన్నారాయన. నేను వాదించలేదు. ఆ పేపర్ మీద నా పేరే ముందుంది. టీచర్‌కు ఫోన్ చేసి, "కలుపుతున్నామండి. వాన రాదు," అన్నాను.

ఆవిడ ఆ మాటే ఊళ్లో చెప్పారు. కాయల మీద ఎవరూ పట్టాలు కప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం గంటసేపు ఏకధాటిగా కురిసింది.

వారం తర్వాత టీచర్ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. వరండాలో నిలబడే విన్నారు, కూర్చోమనలేదు. "ఊళ్లోవాళ్లు నన్ను తిడుతున్నారు. నీ పేరు నేను చెప్పలేదు," అన్నారు. "ఆ మిషను తీసుకుపో," అని లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

పేపర్ అచ్చయింది. దానితోనే నాకు ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఇప్పుడు రోజూ ఉదయం తిరస్కరించిన జాబితాను వరుసవరుసా నేనే చదువుతాను. అనుమానం వస్తే ఆ ఊరికి ఫోన్ చేసి అడుగుతాను. కొత్తగా చేరినవాళ్లు నా జాగ్రత్తను మెచ్చుకుంటారు. ఎందుకు చేస్తానో వాళ్లకు ఇంతవరకూ చెప్పలేకపోయాను.